450 మాటల దగ్గర ఆగిపోతున్నాం

జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాల ప్రవేశ పరీక్ష ‘క్లాట్’ ఇప్పుడు మొదలు నుంచి చివరిదాకా చదివి జవాబు రాసే పరీక్ష. బిట్లలో ఆరితేరిన మన పిల్లలు పాసేజీ ముందు ఎందుకు తడబడుతున్నారు? ఈ పరీక్షకు తయారవడమంటే అసలు ఏం చేయాలి?

డిసెంబరు మొదటి ఆదివారం, మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు. ఈమధ్య ఏటా ఆ రెండు గంటల్లోనే క్లాట్ జరుగుతోంది. శామీర్‌పేటలోని నల్సార్, విశాఖ దగ్గర సబ్బవరంలోని దామోదరం సంజీవయ్య విశ్వవిద్యాలయం, బెంగళూరు నేషనల్ లా స్కూల్... ఇలా ఇరవైకి పైగా సంస్థల్లో ఐదేళ్ల లా కోర్సుకు ప్రధాన ద్వారం ఇదే. ప్రశ్నలు 120. తప్పు జవాబుకు పావు మార్కు కోత. ఇంతవరకూ మనకు అలవాటైన పరీక్షలాగే కనిపిస్తుంది. పేపరు తెరిస్తేనే తేడా తెలుస్తుంది. అందులో ఒంటరి ప్రశ్న అంటూ ఉండదు. ఐదారు ప్రశ్నలకు ఒకటి చొప్పున పైన పాసేజీ ఉంటుంది. ఇంగ్లిషులో పాసేజీ, వర్తమాన వ్యవహారాల్లో పాసేజీ, లీగల్ రీజనింగ్‌లో పాసేజీ, లాజికల్ రీజనింగ్‌లో పాసేజీ. ఆఖరికి లెక్కలు కూడా ఒక పేరా చదివి, అందులోంచి అంకెలు ఏరుకుని చేయాల్సిందే.

ఒక్కో పాసేజీ సుమారు 450 మాటలు. అలాంటివి దాదాపు ఇరవై. అంటే పాసేజీలే ఎనిమిది, తొమ్మిది వేల మాటలు. వాటి కింద ప్రశ్నలు, ప్రతి ప్రశ్నకూ నాలుగు ఆప్షన్లు వేరే. ఇన్ని మాటలు, అదీ పరాయి భాషలో, రెండు గంటలపాటు తల ఎత్తకుండా చదివిన అనుభవం మన ఇంటర్మీడియట్ విద్యార్థుల్లో ఎంతమందికి ఉంది? కోచింగ్ సంస్థల బ్రోచర్లలో ఈ ప్రశ్న కనబడదు. చిట్కాలు కనబడతాయి. ముందు ప్రశ్నలు చదవండి, తర్వాత పాసేజీలోకి వెళ్లండి. మొదటి వాక్యం, చివరి వాక్యం చూస్తే చాలు. ‘ఓన్లీ’ అన్న మాట ఉన్న ఆప్షన్ కొట్టేయండి. ఈ చిట్కాలతో నాలుగైదు మార్కులు పెరగవచ్చు. చదవడం రానివాళ్లను మాత్రం అవి గట్టెక్కించలేవు.

పరీక్ష ఇలా ఎందుకు మారింది?

ఒకప్పుడు ఏ న్యాయ విశ్వవిద్యాలయం పరీక్ష ఆ విశ్వవిద్యాలయానిదే. పిల్లలు ఊరూరా తిరిగి రాసేవారు. ఈ గోల మీద ఒక విద్యార్థి 2006లో సుప్రీంకోర్టు మెట్లెక్కాడు. ఫలితంగా 2008లో ఏడు విశ్వవిద్యాలయాలు కలిసి మొదటి క్లాట్ పెట్టాయి. అప్పట్లో 200 ప్రశ్నలు. పర్యాయపదాలు, జాతీయాలు, రాజధానులు, అవార్డులు, లాటిన్ న్యాయసూత్రాలు. గైడు బాగా తిరగేసినవాడిదే రాజ్యం. 2020లో ఆ పేపరును మూలమట్టంగా మార్చారు. ప్రశ్నలను 150కి తగ్గించి, అన్నిటినీ పాసేజీల కిందికి తెచ్చారు. 2023 డిసెంబరు పరీక్ష నాటికి ప్రశ్నలు 120 అయ్యాయి, గంటలు రెండే.

మార్పు వెనక ఉన్న ఆలోచన సరైనదేనని నా నమ్మకం. లాయరు బతుకంతా చదవడమే. కేశవానంద భారతి కేసులో 1973లో పదమూడు మంది న్యాయమూర్తులు ఏడుగురు ఒక వైపు, ఆరుగురు ఒక వైపు నిలిచి ఇచ్చిన తీర్పు అచ్చులో వందల పేజీలు. ఎవరు దేనితో ఏకీభవించారు, ఎక్కడ విడిపోయారు అన్నది పంక్తి పంక్తీ చదివితే తప్ప తెలియదు. క్లయింటు తెచ్చిన అద్దె ఒప్పందంలో పదిహేనో క్లాజు దగ్గర ఉన్న ‘అయితే’ అన్న మాటను చూడకుండా దాటేసిన లాయరు ఆ ఇంటిని పోగొడతాడు. పద్దెనిమిదేళ్ల పిల్లవాడికి చట్టం తెలియనక్కర్లేదు, ఐదేళ్లు అదే నేర్పుతారు. ఎదుటివాడు రాసింది ఉన్నది ఉన్నట్టు అందుకోగలడా లేదా అన్నదే చూడాలి. క్లాట్ సిలబస్ కూడా ముందుగా చట్టం తెలిసి ఉండనక్కర్లేదనే చెబుతుంది.

మన రెండు రాష్ట్రాల లా ప్రవేశ పరీక్ష లాసెట్‌తో పోల్చి చూడండి. అక్కడా 120 ప్రశ్నలే, సమయం తొంభై నిమిషాలు. జనరల్ నాలెడ్జి, వర్తమాన వ్యవహారాలు, న్యాయశాస్త్ర అభిరుచి. తెలిస్తే జవాబు, తెలియకపోతే లేదు. తెలుగులో రాసుకోవచ్చు, అది దాని పెద్ద గుణం. కానీ లాసెట్‌కు చదివిన పద్ధతిలోనే క్లాట్‌కు చదువుతామంటే కుదరదు. మొదటి మాక్ టెస్ట్ దగ్గరే ఆ విషయం తేలిపోతుంది. పదో తరగతి దాకా ఫస్టు వచ్చిన అమ్మాయి సగం పేపరు కూడా పూర్తిచేయలేక, తనకు తెలివి లేదనుకుని కుమిలిపోతుంది. తెలివి ఉంది. ఆమెకు ఇంతవరకూ ఎవరూ చదివే పని పెట్టలేదు.

ఈ మాట గట్టిగానే చెబుతున్నాను. ఇంటర్లో రెండో భాషగా సంస్కృతం తీసుకునేది సంస్కృతం మీద ప్రేమతో కాదు, మార్కులు తేలిగ్గా పడతాయని. ఇంగ్లిషు పాఠ్యపుస్తకం తెరవకుండానే ఇంగ్లిషు పేపరు రాసి గట్టెక్కే ఏర్పాట్లన్నీ ఉన్నాయి. ఎంపీసీ, బైపీసీ పిల్లవాడు రెండేళ్లలో రెండు పేజీలు దాటిన వ్యాసం ఒక్కటి కూడా చదవకుండా మంచి ర్యాంకు తెచ్చుకోగలడు. సీఈసీ, ఎంఈసీ వాళ్ల పరిస్థితీ పెద్ద మెరుగు కాదు. చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయానికి వెళ్లి చూడండి, కుర్చీ దొరకడం కష్టం. అక్కడ కూర్చున్నవారిలో ఎక్కువమంది తమ సంచిలో తాము తెచ్చుకున్న గైడ్లే చదువుతుంటారు. వారి కష్టాన్ని తక్కువ చేయడం లేదు. ఉద్యోగ పరీక్షలు వారిని అలా తయారుచేశాయి. గ్రంథాలయంలోనూ అలమరా పుస్తకం చేతికి తీసుకునే అవసరం లేకుండా మన పరీక్షలు నడుస్తున్నాయి.

ఒక పాసేజీ చదువుదాం

పాసేజీ ప్రశ్న మనిషిని ఎక్కడ పడగొడుతుందో చెప్పడం కంటే చూపించడం మేలు. ఇందుకోసం రాసిన ఈ చిన్న పేరాను తెలుగులోనే చదవండి. భాష అడ్డం కాదు కాబట్టి అసలు చిక్కు ఎక్కడుందో తేటగా కనబడుతుంది.

“కాకతీయుల కాలపు చెరువులు విడివిడిగా ఉండేవి కావు. పై చెరువు అలుగు పారితే ఆ నీరు కింది చెరువుకు చేరేది. ఒక ఊరు కట్టను పట్టించుకోకపోతే దిగువ ఊళ్లన్నిటికీ ముప్పే. అందుకే కట్టపని, పూడికపని ఊరుమ్మడి బాధ్యతగా సాగింది. తర్వాతి కాలంలో బోరుబావులు వచ్చాయి. రైతు తన పొలానికి తానే నీరు తెచ్చుకోగలిగాడు. చెరువుల్ని చంపింది బోరేనని చాలామంది అంటారు. అది సగం నిజం. చెరువు మీద పెత్తనం ఊరి చేతిలోంచి జారి సర్కారీ శాఖల చేతికి పోయిన నాటినుంచే ఊరికి చెరువు పరాయిదైంది. బోరు వచ్చేసరికి ఆ బంధం ఎప్పుడో సడలిపోయింది.”

ప్రశ్న: రచయిత ప్రధానంగా చెప్పదలచిందేమిటి?

(ఎ) బోరుబావుల వల్లే చెరువులు దెబ్బతిన్నాయి.
(బి) కాకతీయుల నాటి నీటి విధానం నేటి విధానం కంటే మెరుగైనది.
(సి) చెరువుల నిర్వహణ ఊరి చేతిలోంచి పోవడంతోనే వాటి క్షీణత మొదలైంది.
(డి) చెరువుల పూడిక తీయించే పనిని ప్రభుత్వం చేపట్టాలి.

జవాబు (సి). మీరు అదే అనుకుని ఉండవచ్చు. కానీ పరీక్ష హాల్లో, గడియారం నడుస్తుండగా, మిగతా మూడూ ఎలా లాగుతాయో చూడండి. (ఎ)లోని మాటలు పేరాలో ఉన్నాయి. కానీ ఆ మాట రచయితది కాదు, ‘చాలామంది అంటారు’. రచయిత దాన్ని సగమే ఒప్పుకున్నాడు. పైపైన కళ్లు పరిగెత్తించినవాడు ‘బోరు’, ‘చెరువు’ కనబడగానే (ఎ) గుండ్రం నింపేస్తాడు. (బి) మనసుకు హాయిగా ఉంటుంది. కాకతీయుల మీద గౌరవం మనకు సహజం. కానీ నాటి విధానం ఎలా నడిచిందో చెప్పాడే తప్ప, నేటిదానికంటే మేలని రచయిత తీర్పు ఇవ్వలేదు.

అన్నిటికంటే ప్రమాదకరమైనది (డి). 2015లో మొదలైన మిషన్ కాకతీయ గురించి విన్న పిల్లవాడికి అది సరైన మాటగా తోస్తుంది. విడిగా చూస్తే మంచి సలహానే కావచ్చు. ఈ పేరాలో మాత్రం లేదు. లేకపోగా, పెత్తనం సర్కారు శాఖలకు పోవడమే చేటు చేసిందంటున్న రచయితకు అది ఎదురు కూడా. విషయం తెలిసిన విద్యార్థి ఎక్కువగా తప్పేది ఇలాంటి చోటే. తనకు తెలిసింది, తనకు నచ్చింది, తాను నమ్మేది జవాబుగా పెట్టేస్తాడు. అడిగింది అతని అభిప్రాయం కాదు.

పాసేజీ పరీక్షకు తయారవడంలో కీలకమంతా ఇదే. రచయిత మాటను మన మాటతో కలపకుండా వినగలగాలి. ఒప్పుకోవడం, విభేదించడం తర్వాతి సంగతి. ముందు అతను ఏమన్నాడో అతనే విన్నా ‘అవును, నేనన్నది ఇదే’ అనేలా చెప్పగలగాలి. ఇది అలవాటు కావాలంటే ప్రతి జవాబు దగ్గరా ఒకటే ప్రశ్న వేసుకోవాలి: ఎక్కడుంది? ఏ వాక్యంలో ఉంది? వేలు పెట్టి చూపించలేకపోతే అది జవాబు కాదు.

లీగల్ రీజనింగ్‌లో ఈ నిగ్రహానికి ఇంకా గట్టి పరీక్ష. మైనరు చేసుకున్న ఒప్పందం మొదటినుంచీ చెల్లదని 1903లో ప్రీవీ కౌన్సిల్ మొహరీ బీబీ కేసులో తేల్చింది. కలకత్తాలో ఒక మైనరు తన ఇంటిని తాకట్టు పెట్టి అప్పు తీసుకున్న వ్యవహారం అది. ఇలాంటి సూత్రాన్ని పాసేజీలో చెప్పి, కింద ఒక కథ పెడతారు. పదిహేడేళ్ల కుర్రాడు వయసు దాచి బండి కొన్నాడు, డబ్బు కట్టడం మానేశాడు, అమ్మినవాడు దావా వేశాడు. మన న్యాయబుద్ధి అమ్మినవాడి పక్షాన నిలబడుతుంది, అబద్ధమాడినవాడు కట్టాలి కదా అంటుంది. మైనరు వయసు దాచినా ఒప్పందం చెల్లదని పాసేజీలో రాసి ఉంటే జవాబు అదే. వేరే పాసేజీలో వేరే సూత్రం ఇస్తే జవాబూ వేరే. కోపం, జాలి రెండూ పక్కన పెట్టి ఇచ్చిన సూత్రాన్ని ఇచ్చిన కథకు వర్తింపజేయాలి.

కొన్నిసార్లు పేపరు పెట్టినవాళ్లే పొరబడతారు. 2024 డిసెంబరు 1న జరిగిన క్లాట్ విషయంలో కొన్ని ప్రశ్నలకు ఇచ్చిన కీ తప్పని అభ్యర్థులు కోర్టుకెళ్లారు. ఢిల్లీ హైకోర్టు ఆ నెలలోనే రెండు ప్రశ్నల ఫలితం సవరించమంది. వ్యాజ్యం 2025 మే నెలలో సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. కీలో ఉన్నదంతా వేదమనుకోకుండా, పాసేజీలో ఆధారం వెతికి నిలదీయగలిగిన పిల్లలు ఉన్నారంటే నాకు ఆనందమే.

వేగం గురించి

తల్లిదండ్రులు మొదట అడిగేది వేగం గురించే. “మావాడు స్లో అండీ, స్పీడ్ రీడింగ్ క్లాసులో చేర్పించమంటారా?” వద్దు. చేర్పించకండి.

లెక్క వేసి చూద్దాం. 120 నిమిషాలు, ఇరవై పాసేజీలు. ప్రశ్నలతో కలిపి పాసేజీకి ఆరు నిమిషాలు. చిత్రమేమిటంటే ఇంగ్లిషు పాసేజీ పన్నెండో తరగతి విద్యార్థి ఐదు నుంచి ఏడు నిమిషాల్లో చదవగలిగే స్థాయిలో ఉంటుందని క్లాట్ సిలబస్‌లోనే రాశారు. చదవడానికే అంత పడితే జవాబులకు మిగిలేది శూన్యం. కాబట్టి పాసేజీని మూడు నిమిషాల్లో ముగించి, మిగతా మూడు ప్రశ్నలకు ఉంచుకోవాలి. 450 మాటలకు మూడు నిమిషాలంటే నిమిషానికి 150 మాటలు. ఇంగ్లిషు మాతృభాషగా ఉన్న పెద్దలు మనసులో చదువుకునే సగటు వేగం నిమిషానికి సుమారు 238 మాటలని మార్క్ బ్రైస్‌బార్ట్ 2019లో ఎన్నో అధ్యయనాలను క్రోడీకరించి చెప్పారు. అంటే మనవాళ్లకు కావాల్సింది మామూలు పాఠకుడి వేగం కంటే తక్కువే. నిమిషానికి వెయ్యి మాటల మంత్రం ఎవరికీ అక్కర్లేదు. పైగా అలాంటి మంత్రం లేదు కూడా. కంటి కదలికల మీద జీవితమంతా పరిశోధించిన కీత్ రేనర్, ఆయన సహచరులు రాసి 2016లో వెలువడిన సమీక్ష ఈ సంగతి స్పష్టంగా తేల్చింది. వేగం బాగా పెంచితే అర్థమయ్యేది తగ్గుతుంది. రెండూ ఒకేసారి దక్కవు.

మరి మనవాళ్లకు ఆ 150 కూడా ఎందుకు అందదు? చదివిన వాక్యాన్నే మళ్లీ చదవడం వల్ల. వాక్యం చివరికి వచ్చేసరికి మొదలు మరిచిపోవడం వల్ల. మధ్యలో తెలియని మాట తగలగానే కాళ్లు బిగుసుకుపోవడం వల్ల. వీటికి మందు రోజూ చదవడమే. మూడు నాలుగు నెలలు పోయాక వేగం తనంతట తానే వస్తుంది. మొదట్లో గడియారం పెట్టుకుని చదివే పిల్లలకు గడియారమే కనబడుతుంది, పాసేజీ కనబడదు. అందుకే తొలి నెలల్లో టైమరు ముట్టుకోవద్దంటాను.

ఇంకో సంగతి ఉంది, దీన్ని మనవాళ్లు దాదాపు పట్టించుకోరు. 1988లో అమెరికాలో డోనా రెక్ట్, లారెన్ లెస్లీ అనే ఇద్దరు పరిశోధకులు 64 మంది బడిపిల్లలకు ఒక బేస్‌బాల్ ఆట గురించిన పాఠం చదివించారు. బాగా చదవగలిగినా ఆట తెలియని పిల్లలకంటే, చదువులో వెనకబడినా ఆట తెలిసిన పిల్లలే ఆ పాఠాన్ని బాగా అర్థం చేసుకున్నారు. దీన్నిబట్టి చదివే శక్తి అన్ని విషయాలకూ ఒకేలా ఉండదు. క్రికెట్ కామెంటరీని ఇంగ్లిషులో అలవోకగా అందుకునే కుర్రాడు ద్రవ్యోల్బణం మీద పాసేజీ రాగానే కూలబడిపోవడానికి కారణం ఇంగ్లిషు కాదు, ద్రవ్యోల్బణం. రెపో రేటంటే ఏమిటో, గవర్నరు బిల్లును తొక్కిపట్టడమంటే ఏమిటో, కార్బన్ క్రెడిట్ ఎలా పనిచేస్తుందో ముందే కాస్త తెలిసుంటే పాసేజీలో సగం మాటలు చుట్టాల్లా పలకరిస్తాయి. తెలిసినదాన్ని జవాబుగా పెట్టకూడదు, నిజమే. కానీ ఏమీ తెలియనివాడు చదవలేడు, అదీ నిజమే. ఈ రెంటి మధ్య నడవడం నేర్చుకోవాలి.

తెలుగులో మొదలుపెట్టండి

ఇక్కడ నేను చెప్పబోయేది చాలామంది కోచింగ్ వాళ్లకు నచ్చదు. ఇంగ్లిషు పాసేజీ పరీక్షకు తెలుగు చదవడం పనికొస్తుంది. తెలుగు మీడియంలోంచి వచ్చిన పిల్లలకైతే అదే మొదటి మెట్టు.

ఒక భాషలో గట్టిపడిన చదివే శక్తి రెండో భాషకు ఆధారమవుతుందని జిమ్ కమిన్స్ 1979లోనే ప్రతిపాదించారు. వాదన ఎక్కడ మొదలైంది, ఉదాహరణ ఎక్కడ ముగిసింది, రచయిత తన మాట ఎక్కడ చెప్పాడు, ఎదుటివాళ్ల మాట ఎక్కడ చెప్పాడు అని గుర్తుపట్టే నేర్పు భాష మారితే పోదు. ఆ నేర్పును పదజాలంతో కుస్తీ పడుతూ ఇంగ్లిషులో నేర్చుకోవడం కంటే, మాటలన్నీ తెలిసిన తెలుగులో నేర్చుకుని ఇంగ్లిషుకు తీసుకెళ్లడం తేలిక. దినపత్రికలో ఎడిట్ పేజీ వ్యాసం ఒకటి తీసుకోండి. చదివాక పేపరు మడిచి, రచయిత ఏమన్నాడో రెండు వాక్యాల్లో ఇంట్లోవాళ్లకు చెప్పండి. మళ్లీ పేపరు తెరిచి సరిచూసుకోండి. అతను అనని మాట మీరు కలిపి ఉంటారు, లేదా అతను గట్టిగా అన్న మాట వదిలేసి ఉంటారు. మొదటి వారం అందరికీ ఇలాగే అవుతుంది.

రచయిత ధోరణి ఏమిటని అడిగే ప్రశ్నలకు పిల్లలు చాలా భయపడతారు. విమర్శా, సందేహమా, మెచ్చుకోలా, రెండు మనసులా? తెలుగులో ఈ సమస్యే రాదు. “అబ్బో, ఎంత పని చేశావు నాయనా” అని నాయనమ్మ అంటే అది మెచ్చుకోలో మందలింపో మూడేళ్ల పిల్లకూ తెలుస్తుంది. మాట ఒకటే, గొంతు వేరు. ఆ గొంతును కాగితం మీద వినడం నేర్చుకోవాలంటే కథలు, నాటకాలు చదవాలి. ‘కన్యాశుల్కం’ చదవండి. కోర్టు, వకీళ్లు, దొంగసాక్ష్యాలు అన్నీ ఉన్న నాటకం కాబట్టి లా చదవబోయేవారికి ఎలాగూ చదవదగ్గదే. చదివాక దాని ఇంగ్లిషు అనువాదం తీసుకోండి, వెల్చేరు నారాయణరావు చేసినది దొరుకుతుంది. చాసో కథలు కూడా వెల్చేరు, డేవిడ్ షుల్మన్‌ల అనువాదంలో వచ్చాయి. తెలుగులో చదివిన కథను ఇంగ్లిషులో చదివేటప్పుడు కథ తెలుసు కాబట్టి తెలియని మాట దానంతటదే అర్థమవుతుంది. నిఘంటువు తియ్యాల్సిన పని సగానికి తగ్గుతుంది. పదాల జాబితాలు బట్టీపట్టిన ఏడాదిలో రానిది ఇలా నాలుగైదు పుస్తకాలతో వస్తుంది.

పన్నెండో తరగతి పరీక్షలకు ముందు డిసెంబరులో క్లాట్ వస్తుంది. అంటే ఇంటర్ మొదటి ఏడాది జూన్‌లో మొదలుపెట్టిన పిల్లవాడికి ఏడాదిన్నర ఉంటుంది. మొదటి ఆరు నెలలు చదవడం తప్ప ఇంకేం చేయకపోయినా నష్టం లేదు. రోజుకు గంట చాలు. ఇంగ్లిషు పత్రిక సంపాదకీయం మంచిదే. కానీ అదొక్కటే చదివితే సంపాదకీయాలు మాత్రమే చదవడం వస్తుంది. క్లాట్ ఇంగ్లిషు విభాగంలో కథల్లోంచీ, చరిత్ర రచనల్లోంచీ కూడా పాసేజీలు వస్తాయి. అందుకే వారంలో ఒక చరిత్ర వ్యాసం, ఒక సైన్సు వ్యాసం, ఒక కథ, ఒక కోర్టు తీర్పు గురించిన వార్తా విశ్లేషణ ఉండేలా చూసుకోవాలి. ప్రతి పేరా పక్కనా మార్జినులో పెన్సిలుతో ఒక చిన్న మాట రాసుకోండి, తెలుగులో రాసినా సరే: ‘వాదన’, ‘ఎదుటిపక్షం’, ‘ఉదాహరణ’, ‘మలుపు’. ‘హవెవర్’, ‘యెట్’, ‘ఆల్దో’ కనబడిన చోట గీత గీయండి. రచయిత అసలు మాట చాలాసార్లు ఆ మలుపు తర్వాతే ఉంటుంది.

తర్వాత పాత ప్రశ్నపత్రాలు. 2020 తర్వాతివే తీసుకోండి, అంతకు ముందువి వేరే పరీక్షవి. మాక్ టెస్టులు రాయడం కంటే, రాసిన మాక్ టెస్టును చదువుకోవడం ముఖ్యం. వారానికి రెండు రాసి మార్కులు చూసుకుని పక్కన పడేసేవాడికంటే, ఒకటే రాసి దానిమీద మూడు రోజులు కూర్చున్నవాడు ముందుంటాడు. తప్పుపోయిన ప్రతి ప్రశ్నకూ నోటుబుక్కులో రెండు వాక్యాలు రాయాలి: సరైన జవాబుకు పాసేజీలో ఆధారం ఏ వాక్యం? నేను పెట్టిన జవాబు నన్ను ఎందుకు లాగింది? రెండోది రాయడం కష్టం, ఉపయోగం దానిలోనే ఎక్కువ. పాసేజీలో ఉన్న మాటలు చూసి మోసపోయానా, నా నమ్మకం చూసి మోసపోయానా, ‘కొందరు’ అన్నచోట ‘అందరూ’ అని చదివానా? నెల తిరిగేసరికి ఎవరి బలహీనత వారికి కాగితం మీదే కనబడుతుంది. అది ఏ మాస్టారూ చెప్పలేడు.

ఫోన్ మాట కూడా చెప్పాలి. 450 మాటలు మధ్యలో తెగకుండా చదవలేని స్థితికి మనందరం వచ్చాం, పిల్లలొక్కరే కాదు. చదివే గంటలో ఫోన్ వేరే గదిలో ఉండాలి. అమ్మానాన్నలూ ఆ గంట ఏదో ఒకటి చదువుతూ కూర్చుంటే పిల్లవాడికి వేరే చెప్పనక్కర్లేదు.

తలుపు ఎవరికి తెరుచుకుంటోంది?

ఇంతా చెప్పాక ఒక పెద్ద అన్యాయం గురించి మాట్లాడకుండా ముగించలేను. క్లాట్ ఇంగ్లిషులో మాత్రమే జరుగుతుంది. దరఖాస్తు రుసుము జనరల్ అభ్యర్థులకు 4,000 రూపాయలు, ఎస్సీ, ఎస్టీలకు 3,500. నారాయణపేటలోనో పాడేరులోనో గురుకులంలో చదివే అమ్మాయికి ఆ డబ్బు ఒక గోడ, ఆ భాష ఇంకో గోడ. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు తొలి దళిత ముఖ్యమంత్రి అయిన సంజీవయ్యగారి పేరుతో సబ్బవరంలో విశ్వవిద్యాలయం కట్టుకున్నాం. దాని ప్రవేశ పరీక్ష మాత్రం ఆ పిల్లకు రాని భాషలో పెడుతున్నాం. ప్రాంతీయ భాషల్లోనూ క్లాట్ పెట్టాలని 2023లో ఢిల్లీ హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం దాఖలైంది. పరీక్ష ఇంకా ఇంగ్లిషులోనే ఉంది.

చదివి అర్థం చేసుకునే శక్తినే పరీక్షిస్తున్నామంటే, ఆ శక్తిని తెలుగులోనూ పరీక్షించవచ్చు. పైన చెరువుల పేరా చూశారుగా, అందులో పడే తప్పులకూ ఇంగ్లిషుకూ సంబంధమే లేదు. లా చదవడానికి ఇంగ్లిషు కావాలి, కాదనను. ఐదేళ్ల కోర్సులో మొదటి ఏడాది ఇంగ్లిషు నేర్పే బాధ్యత విశ్వవిద్యాలయం తీసుకోవచ్చు. గడప దగ్గరే ఆపేయడం కంటే అది వెయ్యి రెట్లు న్యాయం. ప్రొఫెసర్ షమ్నాద్ బషీర్ 2010లో ‘ఇడియా’ అనే ఉద్యమాన్ని మొదలుపెట్టింది ఈ గోడలు చూసే. పేద, గ్రామీణ, వికలాంగ విద్యార్థులను గుర్తించి క్లాట్‌కు తర్ఫీదు ఇచ్చి, చేరాక కూడా వెంట నిలిచే పని అది. ఆయన 2019లో కన్నుమూశారు. ఆ పని విద్యార్థి వాలంటీర్ల చేతుల మీద సాగుతోంది. నల్సార్‌లోనో సబ్బవరంలోనో చదువుతున్న మన పిల్లలు ఏటా వేసవిలో సొంత ఊరి జూనియర్ కాలేజీలో పది రోజులు పాసేజీలు చదివిస్తే అంతకు మించిన సేవ లేదు.

ప్రభుత్వాలు చేయగలిగిందీ ఉంది. 1960 నాటి గ్రంథాలయ చట్టం ప్రకారం మనం కట్టే ఇంటి పన్ను మీద రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సుగా పోతోంది. ఆ డబ్బు మనదే. మండల కేంద్రంలోని శాఖా గ్రంథాలయానికి రెండు మంచి ఇంగ్లిషు దినపత్రికలు, నాలుగు పత్రికలు, కథల అనువాదాలు ఒక వంద, పాత క్లాట్ పేపర్ల కట్ట ఒకటి, సాయంత్రం ఎనిమిది దాకా దీపం, పిల్లలతో కూర్చుని చదివే ఒక మనిషి కావాలి. ఈ జాబితా తీసుకుని మీ జిల్లా గ్రంథాలయ సంస్థ అధ్యక్షుడికి ఒక అర్జీ పెట్టండి. సెస్సు బకాయిలు ఎంత ఉన్నాయో, మీ మున్సిపాలిటీ ఎన్నేళ్లుగా జమచేయలేదో సమాచార హక్కు కింద అడగండి. జవాబు వచ్చాక దాన్ని కూడా జాగ్రత్తగా చదవండి.